ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా?

గోదావరి జిల్లాల్లో వాచీలు బాగుచేసేవాళ్ళకి అసలు పని తొలకరితో మొదలయ్యేది. ఎండాకాలమంతా చిల్లర బేరాలే. పెళ్ళికి కొన్న వాచీకి చైను లింకులు తీయడం, టైంపీసుకి స్ప్రింగు మార్చడం, అద్దం మీద గీతలు పోయేలా రుద్దడం. జూన్‌లో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, అద్దం లోపల ఆవిరి పట్టినవి, ముళ్ళు కదలనివి, కీ తిరిగినా నడవనివి వరసకట్టేవి. నవంబరు తుపానులు వెళ్ళేదాకా ఆ రద్దీ తగ్గేది కాదు.

మా మేనమామ రాజమండ్రి కోటగుమ్మం దగ్గర, ఒక బట్టల కొట్టు అరుగు మీద పాతికేళ్ళకి పైగా ఈ పని చేశాడు. ఆయనకున్నదల్లా మూడు పక్కలా గాజు బిగించిన బల్ల, ఒక స్టూలు, నుదుటికి తగిలేంత కిందికి దించిన బల్బు. మా స్కూలు అక్కడికి దగ్గర. అమ్మ బజారు పనులు చూసుకుని వచ్చేదాకా సాయంత్రాలు నన్ను ఆ స్టూలు పక్కన కూర్చోబెట్టేది. "అల్లుడూ, ఊపిరి మెల్లిగా వదలరా" అన్నదొక్కటే నాకున్న ఆంక్ష. బల్ల మీద పరిచిన తెల్లకాయితం మీద ఆవగింజలో సగం లేని మరలుండేవి. ఊదితే ఎగిరిపోతాయి, అరుగు సందుల్లో పడితే ఇక దొరకవు.

తడిసిన వాచీ చేతికి రాగానే ఆయన దాన్ని చూడడానికి ముందు మనిషిని అడిగేవాడు. "ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా?" ఆ తర్వాత, "ఎంతసేపైంది?" ఆఖరున, "తడిశాక కీ గానీ ఇచ్చారా?"

ఈ మూడింటికి జవాబు తెలిస్తే వాచీ విప్పకుండానే లోపల ఏం జరిగిందో ఆయనకి సగం తెలిసిపోయేది. బావినీళ్ళో వాననీళ్ళో అయితే కొంత గడువుంటుంది. అంతర్వేది తీర్థంలోనో ఉప్పాడ అలల్లోనో తడిసిందయితే లెక్క గంటల్లోకి దిగుతుంది. ఉప్పు తగిలిన ఉక్కు ఆరినట్టే కనిపించినా ఆరదు. మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మని మళ్ళీ లాక్కుంటుంది, తుప్పు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. అందుకే సముద్రంలో మునిగిన వాచీని ముందు మంచినీళ్ళలో కడిగి, తడి తడిగానే తెమ్మనేవాడు. నీళ్ళు పోయిన వాచీని మళ్ళీ నీళ్ళలో ముంచమంటే ఎవరు నమ్ముతారు? చాలామంది ఎండలో ఆరబెట్టి తెచ్చేవాళ్ళు. ఎండకి లోపలి నీరు ఆవిరై, సాయంత్రం చల్లబడగానే అద్దానికీ డయలుకీ అతుక్కునేది. కొందరు బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళు. మూత బిగించి ఉన్న వాచీలోంచి బియ్యం నీళ్ళని లాగలేదు, పైగా ఆ తవుడు కీ సందుల్లో చేరుతుంది. ఇక కీ సంగతి. తడి వాచీ ఆగిపోయిందని కంగారుపడి కీ తిప్పితే, ఆ కీ కాడ వెంబడే నీళ్ళు ఇంకా లోపలికి పోతాయి. ఇసుకో ఒండ్రో ఉంటే ఇరుసుల్ని కోసేస్తుంది.

ఆ రోజుల్లో వాచీని నీళ్ళ నుంచి కాపాడింది ఎక్కువగా ఇంట్లోవాళ్ళే. ఈ మాట నేను చాలా ఆలోచించి అంటున్నాను. రబ్బరు రింగులూ మర మూతలూ ఖరీదైన వాచీలకే ఉండేవి. మామూలు మనిషి చేతికున్న వాచీకి మూత నొక్కితే పట్టేది, కీ లాగితే వచ్చేది, అద్దం ప్లాస్టిక్‌ది. ఆ మూడు సందుల్లో ఎక్కణ్ణించైనా నీరు పోగలదు. అది పోకుండా చూసింది అలవాట్లే. స్నానానికి వెళ్ళేముందు నాన్న వాచీ తీసి, తడి చేయి తగలనంత ఎత్తులో గోడ గూట్లో పెట్టేవాడు. మరిచిపోతే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించేది, "వాచీ తీశారా?" అని. బస్టాండులో వాన పట్టుకుంటే వాచీ జేబురుమాల్లోకి, ఆ రుమాలు ఖాళీ టిఫిను డబ్బాలోకి వెళ్ళేవి. లంకల రైతులు గోదావరి పాయల్ని నడుముల్లోతు నీళ్ళలో దాటేటప్పుడు వాచీని తలపాగా మడతలో దోపుకునేవాళ్ళు. చెమట తగలకుండా పట్టీ కింద రుమాలు మడిచి పెట్టుకునే కండక్టర్లని నేను చాలామందిని చూశాను. చెమట కూడా ఉప్పునీరే కదా. ఇత్తడి మీద క్రోమియం పూసిన కేసుల్ని అది నెమ్మదిగా తినేసేది. మణికట్టు తగిలే చోట పూత లేచి, గుంటలు పడి, లోపలి ఇత్తడి పచ్చగా బయటపడేది.

పొద్దున్నే కీ ఇవ్వడం కూడా ఆ కాపాడుకోవడంలో భాగమే. వాచీ చేతికుండగా కీ ఇవ్వకూడదు, కాడ వంగుతుంది. తీసి, పొడి వేళ్ళతో, రోజూ ఒకే వేళకి ఇవ్వాలి. మా ఇంట్లో ఆ వేళ రేడియో వార్తల ముందు వచ్చే పిప్పుల శబ్దం. ముళ్ళు సరిచేశాక కీని లోపలికి పూర్తిగా నొక్కారా లేదా అని నాన్న గోటితో తడిమి చూసేవాడు. సగం బయటికున్న కీ నీటికి తెరిచిన తలుపే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే వాచీ మళ్ళీ మళ్ళీ కొనేది కాదు. అంతకు ముందు తరం చేతికి వెస్ట్ ఎండ్, ఫావ్రే లూబా, రోమర్ లాంటి స్విస్ వాచీలుండేవి, అవి ఉన్నవాళ్ళ సంగతి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాకే గుమాస్తాలకీ బడిపంతుళ్ళకీ వాచీ అందింది. జనతా, పైలట్, సోనా, కాంచన్ అన్న పేర్లు మా ఇళ్ళల్లో చుట్టాల పేర్లంత మామూలుగా వినపడేవి. కాంచన్ పెళ్ళికొడుకుల వాచీ. మామగారు పెట్టిన వాచీ పాడైతే అది ఒక్కరి నష్టం కాదు, రెండిళ్ళకీ తెలియాల్సిన సంగతి. అలాంటి వాచీ కాలవలో పడేసుకున్న కొత్త అల్లుళ్ళు మావయ్య దగ్గరికి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు. "మావాళ్ళకి తెలియకుండా చేసిపెట్టండి మాస్టారూ, ఆయ్" అని బతిమాలేవాళ్ళు. ఆయన ఎవరితోనూ అనేవాడు కాదు.

ఆయన పని చూడడం నాకు ఎప్పటికీ తనివి తీరేది కాదు. కత్తి మొనతో మూత లేపి, ముందుగా దాని లోపలి ముఖాన్ని బల్బుకి పెట్టి చూసేవాడు. అక్కడ సూదితో గీసిన సన్నని గుర్తులుండేవి. విప్పిన ప్రతి మేస్త్రీ తన గుర్తూ, తేదీ గీసి మూసేవాడు. వాచీ ఏ ఊళ్ళో తిరిగిందో, ఎన్నేళ్ళకోసారి ఓవరాయిలింగ్ అయిందో ఆ గీతలు చెప్పేవి. ఆ తర్వాత స్ప్రింగులో మిగిలిన బలాన్ని మెల్లగా వదిలేవాడు. అది వదలకుండా పళ్ళచక్రాల మీద బిళ్ళ తీస్తే చక్రాలు ఒక్కసారిగా తిరిగి పళ్ళు విరుగుతాయి. అప్పుడు కీ కాడ తీసి, మెషీను బయటికి తీసి, ముళ్ళు, డయలు విడదీసేవాడు. తడిసిన డయలుని గుడ్డతో తాకనిచ్చేవాడు కాదు. నీళ్ళకి మెత్తబడ్డ రంగు అంకెలతో సహా గుడ్డకి వచ్చేస్తుంది. దాన్ని అలా కాయితం మీద ఆరనివ్వాల్సిందే.

విప్పిన భాగాలన్నీ పింగాణీ గిన్నెల్లో వైట్ పెట్రోలులోకి వెళ్ళేవి. మొదటి గిన్నెలో మురికి, రెండో గిన్నెలో మిగిలిన మురికి. అయితే పెట్రోలు నీళ్ళతో కలవదు, ఇరుసులు తిరిగే రాళ్ళ బెజ్జాల్లో దాక్కున్న నీటిబొట్టు అందులో అలాగే ఉండిపోతుంది. అందుకని తడి వాచీని ముందు స్పిరిట్‌లో ముంచాలి, అది నీళ్ళని తనలో కలుపుకుని బయటికి తెస్తుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. పళ్ళచక్రాన్ని ఆపుతూ వదులుతూ ఉండే పాలెట్ ఫోర్కుకున్న రెండు ఎర్రరాళ్ళనీ అతికించేది లక్కతో. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే ఆ లక్కే. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది. కాబట్టి మిగతావాటిని స్పిరిట్‌లో వదిలేసినా ఆ ఒక్క భాగాన్నీ, ఊగే చక్రమైన బ్యాలెన్స్‌నీ ముంచిన చేత్తోనే తీసేయాలి. మావయ్య ఆ రెండింటినీ పట్టకారుతో ముంచేటప్పుడు మాట్లాడేవాడు కాదు, ఎవరు పలకరించినా తల ఎత్తేవాడు కాదు.

కడిగిన భాగాల్ని రబ్బరు బుడ్డితో ఊది ఆరబెట్టి, వెదురుపుల్ల చివర సూదిలా చెక్కి ఒక్కో రాయి బెజ్జంలో పెట్టి తిప్పేవాడు. పుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా చెక్కడం, తిప్పడం. 17 రాళ్ళ వాచీకి ఈ పనే చాలాసేపు పట్టేది. నూనె పెట్టడం చివరి పని. సూది కొనకి అంటిన చుక్క, అదీ కావలసిన చోటే. హెయిర్‌స్ప్రింగుకి నూనె తగలకూడదు, పాలెట్ ఇరుసులకి అక్కర్లేదు. ఆ నూనె మూడు నాలుగేళ్ళకి జిగురుగా మారుతుంది కాబట్టి నీళ్ళు తగిలినా తగలకపోయినా వాచీ మళ్ళీ బల్ల మీదికి రావాలి.

హెయిర్‌స్ప్రింగు గురించి ఒక సంగతి చెప్పాలి. చెమ్మ తగిలాక వాచీ ఆగిపోయిందంటే అందరికీ అర్థమవుతుంది. గంటకి పది నిమిషాలు ముందుకి పరిగెడుతోందంటే ఎవరికీ అర్థం కాదు. తడికో నూనెకో ఆ సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే, దాని పొడవు తగ్గినట్టే లెక్క. పొట్టి స్ప్రింగు బ్యాలెన్స్‌ని గబగబా ఊపుతుంది. గంటకి 18,000 టిక్కులు కొట్టాల్సిన వాచీ లెక్క తప్పి ఉరుకుతుంది. శుభ్రంగా కడిగితే అది దారికి వస్తుంది. అదే ఆ స్ప్రింగు మీద గసగసాలంత తుప్పు చుక్క పడితే మాత్రం ఎంత కడిగినా లాభం లేదు. ఆ చోట బలం పోతుంది, ఒకనాటికి విరుగుతుంది. అలాంటి వాచీ వచ్చినప్పుడు మావయ్య భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూసి, "బ్యాలెన్స్ మొత్తం మార్చాలండీ" అనేవాడు. పాత మెషీన్ల డబ్బా వెతికితే ఒక్కోసారి దొరికేది.

అన్నీ బిగించాక వాచీ ఇచ్చేముందు ఆయన చేసే పరీక్ష ఒకటుంది. ఒక రేకుని బల్బు కింద కాసేపు వేడిచేసి దానిమీద వాచీ పెట్టేవాడు. చేతికి గోరువెచ్చగా తగిలినప్పుడు అద్దం మీద కూజాలోని చన్నీటిచుక్క ఒకటి వేసి, కొద్దిసేపాగి తుడిచేవాడు. ఆ చుక్క ఉన్నచోట లోపలివైపు మసక కనిపిస్తే వాచీలో ఇంకా చెమ్మ ఉన్నట్టు. మళ్ళీ విప్పాల్సిందే. ఆ పద్ధతి ఆయన సొంత తెలివి అనుకునేవాణ్ణి. వాచీల నీటి భద్రతకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, దాని సంఖ్య 22810. చాలా ఏళ్ళ తర్వాత దాని గురించి చదివినప్పుడు అందులో ఇదే పరీక్ష కనిపించింది. 40 నుంచి 45 డిగ్రీల వెచ్చని పలక, మీద చల్లని నీటిచుక్క, ఒక నిమిషం. అరుగు మీద కూర్చున్న మనిషి ప్రయోగశాల పద్ధతినే పాటించాడని తెలిసి నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

1986 ఆగస్టు గురించి చెప్పకుండా ఈ కథ సాగదు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అంత నీరు దిగువకి వచ్చేసరికి లంకలు ఏకంగా మునిగాయి, గట్లు తెగి కోనసీమ ఊళ్ళలోకి ఏరు వచ్చింది. జనం పిల్లల్నీ పశువుల్నీ వెంటబెట్టుకుని కట్టుబట్టలతో గట్టెక్కారు. వాచీలు మాత్రం ట్రంకుపెట్టెల్లో పట్టుబట్టల అడుగున ఉండిపోయాయి. నీళ్ళు తీశాక పెట్టెలు తెరిస్తే బట్టలకి ఒండ్రు, వాచీలకి ఒండ్రు. ఆ వాచీలు మావయ్య బల్ల మీదికి రోజూ వచ్చేవి. చేతిసంచుల్లో తెచ్చేవాళ్ళు, పక్కింటివాళ్ళవి కూడా కలిపి తెచ్చేవాళ్ళు. డబ్బుల్లేవని ముందే చెప్పేవాళ్ళు.

అన్నీ ఒక్కసారి చేయలేడు కాబట్టి ఆయన ముందు తుప్పుని ఆపే పని పెట్టుకున్నాడు. ఖాళీ హార్లిక్స్ సీసాలు పోగుచేశాడు. ఒక్కో మెషీనునీ మంచినీళ్ళలో ఒండ్రు పోయేలా కడిగి, స్పిరిట్‌లో ముంచి తీసి, ఒక్కో సీసాలో కిరసనాయిలు పోసి అందులో వేసేవాడు. కిరసనాయిలులో ఉన్నంతకాలం ఉక్కుకి గాలి తగలదు, తుప్పు ముందుకి పోదు. సీసా మీద చీటీ అంటించి ఊరు పేరు, మనిషి పేరు రాయడం నా పని. ఆ చీటీల మీద రాసిన ఊళ్ళలో చాలావాటిని నేను అప్పటిదాకా విననే లేదు. అరుగు పొడవునా సీసాలు నిండాయి. బట్టల కొట్టాయన అడ్డమని ఒక్కమాట అనలేదు, పైగా తన రేషను కిరసనాయిలు తెచ్చి ఇచ్చాడు. ఆ సీసాలు ఖాళీ కావడానికి సంక్రాంతి దాటింది. కొన్ని వాచీలు నడవలేదు. వాటిని కూడా తుడిచి, ముళ్ళు బిగించి, మూత పెట్టి ఇచ్చాడు. పోయిన మనిషి వాచీ అని తెచ్చినవాళ్ళకి అది నడవడం కంటే చేతికి అందడం ముఖ్యం. మజూరీ ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకున్నాడు, ఇవ్వనివాళ్ళని అడగలేదు. మా కుటుంబంలో ఆయన పేరు చెప్పుకునేది ఆ ఏడాది పనికే.

1991 పుష్కరాలు మరో తీరు. పన్నెండు రోజులూ జనం ఘాట్లలో మునిగారు, తొందరలో వాచీలతోనే మునిగారు. పుష్కరాల ఘాటు కోటగుమ్మానికి దగ్గరే కాబట్టి తడిబట్టలతోనే నేరుగా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. అంత తొందరగా వచ్చిన వాచీ ఏదీ చావలేదు. మూత తీసి, స్పిరిట్ పట్టించి, ఆరబెట్టి రైలు వేళకి ఇచ్చేసేవాడు.

అప్పటికే రోజులు మారుతున్నాయి. 1987లో టైటాన్ క్వార్ట్జ్ వాచీలు మార్కెట్లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో మన ఆల్విన్ కంపెనీ జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసేది, వాటినీ జనం ఇష్టంగా పెట్టుకునేవాళ్ళు. కొత్త వాచీల వెనక నీటిని తట్టుకుంటుందని, 30 మీటర్లని చెక్కి ఉండేది. అది చూసి వాచీతోనే స్నానం చేయొచ్చనీ ఈదొచ్చనీ అనుకున్నారు. 30 మీటర్లంటే కదలని నీటిలో ఆ లోతున ఉండే ఒత్తిడి, కొత్తగా ఉన్నప్పుడు పరీక్షలో తట్టుకున్న ఒత్తిడి. వేడినీళ్ళు, సబ్బు, ఈతలో చేయి విసిరితే పడే దెబ్బ అందులో లేవు. లోపలి రబ్బరు రింగు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది, అంకె మాత్రం అలాగే మెరుస్తుంటుంది. మూత విప్పిన ప్రతిసారీ ఆ రింగుని చూడాలి, మెలితిరిగితే మార్చాలి, బాగుంటే పల్చగా సిలికాన్ గ్రీజు రాసి కూర్చోబెట్టాలి. రోడ్డు పక్కన రెండు నిమిషాల్లో సెల్లు మార్చి మూత నొక్కేసే చోట ఆ పని జరగదు. ఆ తర్వాతి వానకే వాచీ పోతుంది.

పైగా సెల్లు వాచీ తడిస్తే పాత వాచీ కంటే త్వరగా పాడవుతుంది. నీళ్ళలో కరెంటు నడిస్తే రాగి తీగలు పచ్చబడి పాడైపోతాయి, వెంట్రుక కంటే సన్నని కాయిలు తెగుతుంది. ముందు సెల్లు తీసేయాలి. ఆ మాట తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినా, కొత్తది కొనడం మరమ్మతు కంటే సులువయ్యాక అడిగేవాళ్ళు లేరు. మావయ్య 1990ల చివర్లో బల్ల ఎత్తేశాడు. కేంద్ర ప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని 2016లో నిర్ణయించేనాటికి ఆయన లేడు.

ఆ మూసివేత వార్తలొచ్చాక ఒక మార్పు వచ్చింది. కుర్రాళ్ళు పాత జనతాలూ పైలట్లూ వెతికి కొనడం మొదలుపెట్టారు. వాటిలో చాలావాటికి డయలు కొత్తగా రంగు వేసింది, మెషీను రెండు మూడింటి ముక్కలు కలిపింది. విప్పి మూత లోపల చూస్తే గుర్తులుండవు, రుద్దేసి ఉంటాయి. నాకు అది బాధగా ఉంటుంది. అయినా కొంటున్నవాళ్ళలో నిజంగా పని నేర్చుకుంటున్నవాళ్ళు కొందరున్నారు. విశాఖపట్నంలో ఉండే ఒక కుర్రవాడు మావయ్య సామాను ఉందని విని మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు కొరియర్‌లో వచ్చిన పాత వాచీలు బాగుచేస్తున్నాడు. పట్టకార్లు, నూనె సూదులు, ఇరుసులు బిగించే పంచింగ్ సెట్టు తీసుకున్నాడు. రబ్బరు రింగుల డబ్బా తెరిస్తే అన్నీ పొడిపొడిగా రాలిపోయాయి, పక్కన పెట్టేశాం. ప్లాస్టిక్ అద్దాల పెట్టె మాత్రం చాలాసేపు వదల్లేదు. కాయితం పొట్లాల మీద మావయ్య చేత్తో రాసిన సైజులు ఒక్కొక్కటీ చదివి, కొలబద్దతో సరిచూసుకున్నాడు. ఈ సైజుల్లో కొన్నింటి కోసం ఎంత వెతికినా దొరకలేదని, సరిపడని అద్దం బిగిస్తే అంచు వెంబడి నీళ్ళు పోతున్నాయని చెప్పాడు. పెట్టె మొత్తం ఇచ్చేశాను. డబ్బు ఇవ్వబోతే వద్దని, నాన్న కాంచన్ వాచీ అతని చేతిలో పెట్టాను. మూత తీసి చూసి, 1986 అని గీసి ఉంది, ఎవరి గుర్తండీ ఇది అని అడిగాడు.